నాన్న కొన్న చవక చాకు

పాతకాలం వస్తువులు గట్టివని ఎవరైనా నా ముందు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నెల కిందట మా తమ్ముడి కూతురు నిహారిక సరిగ్గా ఆ మాటే అంది. ఢిల్లీ పక్కన వైశాలిలో వాళ్ళ ఫ్లాట్‌కి అప్పుడు రంగులు వేయిస్తున్నారు. అటక మీది సామానంతా దించి హాల్లో కుప్ప పోశారు. ఆ కుప్పలోంచి మా నాన్న పనిముట్ల రేకు పెట్టె బయటపడింది. అందులో గ్రీజు పూసి, సైకిల్ ట్యూబు ముక్కలో చుట్టి, దారంతో కట్టి ఉంది ఆ మడత చాకు. యాభై ఏళ్ళు దాటినా చూడగానే గుర్తుపట్టాను. నిహారిక దాన్ని గుడ్డతో తుడిచి, ఫోన్‌లో ఫోటో తీసి, ఎక్కడో అమ్మకాల సైట్లో దాని జోడీని వెతికి పట్టుకుంది. "అత్తా, సీరియస్లీ! ఇది వింటేజ్ క్యాంపింగ్ నైఫ్. దీనికోసం లోగ్ పాగల్ హైఁ, పడి చస్తారు. ఆ రోజుల్లో చవక వస్తువు కూడా ఎంత క్వాలిటీగా చేసేవాళ్ళో చూడు" అంది.

"క్వాలిటీయా? ఇదిగో, చూసుకో క్వాలిటీ" అని నా కుడిచేతి చూపుడు వేలు దాని మొహం ముందు పెట్టాను.

ఆ వేలు వంగదు. పన్నెండో ఏట ఆ చాకే దాని మీద మూసుకుని లోపలి నరం తెంపేసింది. అప్పట్నుంచీ కర్రముక్కలా నిటారుగా ఉంటుంది. అన్నం కలుపుకుంటుంటే అదొక్కటే పక్కకి నిలబడుతుంది. బడిలో పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలు తమనే చూపిస్తున్నాననుకుని ఉలిక్కిపడి లేచి నిలబడేవాళ్ళు. దానికి నేను అలవాటు పడ్డాను. అలవాటు కానిది ఇంకొకటుంది. మా ఇంట్లో రెండు తరాల ఆడపిల్లలకి ఆ వేలొక పాఠ్యపుస్తకం. నిహారిక సైకిల్ అడిగితే "మీ అత్త వేలు చూశావా?" అనేవాడు మా తమ్ముడు సూర్యం. బడివాళ్ళతో మనాలీ వెళతానంటే "అత్త వేలు గుర్తుందా?" అనేవాడు. ఇప్పుడు దానికి ఇరవై ఏడేళ్ళు, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు వారాల పర్వతారోహణ శిక్షణకి సీటు తెచ్చుకుంది. ఆఫీసులో సెలవు కూడా ఇచ్చేశారు. ఏమైనా అయితే బాధ్యత మాదేనని ఇంటిపెద్ద పెట్టే సంతకం ఒక్కటే తక్కువ. సూర్యం ఆ కాగితాన్ని పేపర్ల దొంతర కింద పెట్టి అప్పటికి పదిరోజులైంది. అడిగినప్పుడల్లా "అక్క వేలు చూస్తూ చూస్తూ ఎలా పెట్టను సంతకం?" అనేవాడు. నేను మాత్రం? నిహారిక వైపు ఒక్క మాట మాట్లాడానా? "ఏమోనే, నాన్న చెప్పేది కూడా ఆలోచించు" అన్నాను, సిగ్గులేకుండా.

ఎందుకన్నానో చెప్పాలంటే ఆ చాకు మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ చెప్పాలి.

అప్పట్లో మేం ఢిల్లీ నేతాజీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఇప్పుడవన్నీ కూలగొట్టి ఆకాశమంత మేడలు కడుతున్నారు. కడితే కట్టారు, నేనేం బెంగపెట్టుకోలేదు. రెండు గదులు, ఒక వరండా, గోడల్లో ఏడాది పొడుగునా చెమ్మ. నాన్న కేంద్ర ప్రభుత్వంలో అప్పర్ డివిజన్ క్లర్కు. పొద్దున్నే అమ్మ వరండాలో అంగీఠీ రాజేసేది. మన కుంపటికి ఢిల్లీ చుట్టం అది, బకెట్టుకి లోపల మట్టి మెత్తి చేసేవాళ్ళు. రాక్షసిబొగ్గు అంటుకునేదాకా క్వార్టర్లన్నీ పొగలో మునిగి ఉండేవి. ఆ పొగ వాసన మా జడల్లో, యూనిఫారాల్లో, ఆఖరికి పెరుగులో కూడా ఉండేది. బామ్మ, అంటే నాన్న తల్లి, కాకినాడ నుంచి వచ్చి మాతోనే ఉండేది. ఆవిడ మడి, ఆవిడ జాడీలు, ఆవిడ కత్తిపీట. ఆ కత్తిపీటని పట్టుచీరల కన్నా భద్రంగా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుందట. మా ఇంట్లో కోసే పని ఏదైనా పీట మీద కూర్చుని కోయాల్సిందే. చాకు చేత్తో పట్టుకుని కోయడం కసాయివాడి పని అని ఆవిడ నమ్మకం.

నాన్నకి ఆదివారమొస్తే సైకిలెక్కి ఎర్రకోట వెనక పాతసామాన్ల బజారుకి పోవడం ఒక వ్యసనం. వేరేవాళ్ళు తాగి తగలేస్తారు, మా నాన్న పాత ఫ్లాస్కులూ, నడవని గడియారాలూ, ఒక చెయ్యి లేని రెయిన్‌కోట్లూ తెచ్చేవాడు. మధ్యాహ్నం వరండాలో గోనెపట్టా పరుచుకుని, చొక్కా విప్పి మేకుకి తగిలించి, ఆ వారం బేరాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి మళ్ళీ బిగించేవాడు. "ఇదే కొత్తదైతే మన జీతానికి అందేదా?" అనేది ఆయన ఆదివారం మంత్రం. అందులో సగం వస్తువులు తర్వాతి ఆదివారానికి అటకెక్కేవి. నన్ను బడిలో గైడ్స్‌లో చేర్చుకున్నప్పుడు దసరా సెలవుల్లో క్యాంపు అన్నారు. తెచ్చుకోవలసినవాటి జాబితాలో కంచం, మగ్గు, తాడు, టార్చి, మడత చాకు అని ఉంది. మిగతా పిల్లలు కన్నాట్ ప్లేస్‌లో కొత్తవి కొనుక్కున్నారు. నాకు మాత్రం ఆదివారం దాకా ఆగమని చెప్పారు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ చాకుని మొదటిసారి చూసినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. పిడితో సహా అంతా ఉక్కే. అరచేతిలో బరువుగా కూర్చుంది. ఒక పక్క అలుగు, ఇంకోపక్క డబ్బా మూత కోసే కొక్కెం, వీపున ముడులు విప్పుకునే మొద్దు సూది, చివర తాడు కట్టుకోవడానికి రింగు. మీద ఏదో విదేశీ కంపెనీ పేరు సగం అరిగిపోయి ఉంది. నాన్న గోటితో అలుగు లాగితే టక్కుమని నిలబడింది. మూస్తే టక్కుమని పడుకుంది. నా గోళ్ళతో లాగితే రాలేదు, అంత బిగువు. "చూశావటే? వెనకున్న స్ప్రింగు కమ్మీ పట్టు అది. ఆ శబ్దం ఉన్నంతకాలం చాకు మన మాట వింటుంది" అన్నాడు నాన్న. ఆయనకి ఎవరు చెప్పారో గానీ ఆ మాట మాత్రం నిజమని ఇప్పుడు తెలిసింది.

అంతలో బామ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమిట్రా అది?"

"చాకమ్మా. పిల్లకి క్యాంపుకి."

"ఎవడిదో? ఏ కసాయి కొట్లోదో? దేని పీక కోశాడో ఎవరికి ఎరుక? అది లోపలికొస్తే ఈపూట నాకు అన్నం సయించదు."

"కడిగేస్తాను లేవే."

"కడిగితే పోయే మైలట్రా అది? నిప్పులో పడెయ్యి. అగ్నిహోత్రుడి కన్నా శుద్ధి చేసేవాడెవడు?"

నాన్న ఆఫీసులో ఎవరికీ లొంగేవాడు కాదని చెప్పుకునేవాడు. అమ్మ మాట వినగా నేనెప్పుడూ చూడలేదు. బామ్మ మాటకి మాత్రం మారుమాట లేదు. ఆ సాయంత్రం వంటయ్యాక ఎర్రటి బొగ్గుల మధ్య పట్టకారుతో చాకు దింపాడు. నేనూ సూర్యం ముందు కూర్చుని చూశాం. కాసేపటికి నల్లబడింది, తర్వాత నీలం తిరిగింది, తర్వాత బొగ్గేదో చాకేదో తెలియనంత ఎర్రబడింది. నాన్న తీసి నీళ్ళలో ముంచబోతే బామ్మ కసిరింది. "అపచారం! దానంతటదే చల్లారాలి." సరే, బొగ్గులతో పాటే బూడిదలో వదిలేశారు. తెల్లారి తీసి, పసుపు నీళ్ళతో కడిగి, బొట్టు పెట్టి నా చేతికిచ్చారు. ఆశ్చర్యం, ఇప్పుడు నా గోళ్ళతోనే అలుగు లేచొచ్చింది! ఎక్కడా శబ్దం లేదు, వెన్నలా తెరుచుకుంది. "చూశావా బామ్మ చేతి చలవ! పిల్లకి ఎంత సుళువైపోయిందో" అని నాన్న తెగ మురిసిపోయాడు. నేనూ మురిశాను. ఆ ఇంట్లో ఒక్కరికైనా ఆ శబ్దం ఏమైందన్న అనుమానం రాలేదు.

క్యాంపు హరిద్వార్ దారిలో, గంగ కాలువ పక్కన మామిడితోటలో. మొదటిసారి గుడారంలో పడుకోవడం, మొదటిసారి అమ్మ లేకుండా లేవడం, దూరంగా నీలంగా కొండలు. ఆ కొండలు చూసి నేను రాత్రంతా నిద్రపోలేదు. పెద్దయ్యాక అక్కడికే వెళ్ళిపోవాలని, ఇంకెక్కడా ఉండకూడదని ఖాయం చేసుకున్నాను. రెండో రోజు కంచాలు పెట్టుకునే స్టాండు కట్టాలన్నారు. నేను కర్రలో చాకు మొన దింపి కన్నం తిప్పుతున్నాను. అలుగు మడుచుకుంది. టక్కుమని కూడా అనలేదు. గాలికి తలుపు మూసుకున్నట్టు మెత్తగా వచ్చి నా వేలి మీద మూసుకుంది. నొప్పి కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. గైడ్స్ టీచరు తన చున్నీ చుట్టి పక్క ఊళ్ళో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మర్నాడే నన్ను ఢిల్లీ పంపేశారు.

నాన్న స్టేషన్‌కొచ్చాడు. కట్టు చూశాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు చాకు మీద చెప్పకు. చాకుదేం తప్పు లేదు. నీ చేతికే స్థిమితం లేదు" అన్నాడు. నేను ఇంకా నోరు కూడా విప్పలేదు. వేలి నరం తెగిందని, ఇక వంగదని డాక్టరు చెప్పాక ఆ మాట ఇంట్లో ఖాయమైపోయింది. పిల్లకి చేత్తో పని చేయడం రాదు, జాగ్రత్త లేదు, బయటికి పంపితే ఏదో ఒకటి తెచ్చుకుంటుంది. గైడ్స్ మాన్పించారు. బడి విహారయాత్రలు బంద్. కాలేజీలో భూగర్భశాస్త్రం తీసుకుంటానని కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఒక్క చాకు పట్టుకోవడం చేతకాలేదు, సుత్తి పుచ్చుకుని కొండలెక్కుతావా?" అన్నాడు నాన్న. ఆ ఒక్క మాటతో అయిపోయింది. భూగోళం చదివి, బీయెడ్ చేసి, ముప్పై నాలుగేళ్ళు గోడకి తగిలించిన పటం మీద పిల్లలకి హిమాలయాలు చూపించాను. ఒక్కటంటే ఒక్క కొండ ఎక్కలేదు. మొదట్లో పంపలేదు, తర్వాత పెళ్ళి, ఆ తర్వాత మోకాళ్ళు.

నేను మాత్రం ఊరుకున్నానా? నాన్న బతికున్నన్నాళ్ళూ వదల్లేదు. పండగకి అందరం కంచాల ముందు కూర్చుంటే చాలు, మొదలుపెట్టేదాన్ని. "పిండి కొద్దీ రొట్టె నాన్నా. బజార్లో పారేసిన చాకు కొన్నావు, నా వేలు పోయింది. ఇంకో నాలుగు రూపాయలు పెట్టి కొత్తది కొనుంటే నా బతుకు వేరేగా ఉండేది." నాన్న ఒక్కసారీ బదులు చెప్పలేదు. మజ్జిగ పోసుకుని అన్నం పిసుకుతూ ఉండేవాడు. సూర్యం కంచంలోకి చూసేవాడు. పీనాసితనానికి సిగ్గుపడుతున్నారనుకున్నాను. మాటలు పైకి అన్ని అన్నా, నా కడుపులో ఉన్నది వేరు. నేనే సరిగ్గా పట్టుకోలేదేమో, నా చేతికే స్థిమితం లేదేమో అని ఎన్ని వందలసార్లు అనుకున్నానో నాకే తెలుసు. గాజు గ్లాసు పట్టుకున్నా, పసిపిల్లని ఎత్తుకున్నా ఆ అనుమానం నాతోనే ఉండేది. నా కొడుకు పుట్టినప్పుడు నీళ్ళు పోయడానికి భయపడి మా అత్తగారికి అప్పగించాను. నిహారిక కాగితం విషయంలో నేను నీళ్ళు నమలడానికి కారణం అదే. మా రక్తంలోనే ఏదో తేడా ఉందని, దానికీ ఏదో అవుతుందని భయం.

ఇంతకీ నిహారిక ఊరుకోలేదు. "చలో అత్తా, ధార్ పెట్టిద్దాం. నీ చాకు కబాడ్ అని ప్రూవ్ అయితే నేనే పడేస్తాను" అంది. నాకూ పంతం వచ్చింది. అది చెత్త అని తెలిసినవాడి నోటితోనే చెప్పించాలనుకున్నాను. చావ్డీ బజార్ వెనక సందులో కత్తెర్లూ చాకులూ సాన పట్టే ముసలాయన ఉన్నాడని దాని స్నేహితులు చెప్పారట. ఈ-రిక్షాలూ, బండ్లూ, మనుషులూ ఒకరి మీద ఒకరు పడుతుంటే అరగంట నడిచి పోయాం. దారిలో అది తన చాకులు చూపించింది, ఆన్‌లైన్లో కొన్నవి. ఒకటి ఆరెంజ్ రంగు ప్లాస్టిక్ పిడి, తళతళలాడే అలుగు. పట్టుకుంటే బరువే లేదు, మరలు కదులుతున్నాయి. రెండు నెలలకి పారేసేవేనని అదే ఒప్పుకుంది. అలాంటి నాసి వస్తువుని కూడా రేపు ఎవడో వింటేజ్ అంటాడు, నేను లేకపోతే బాగుండు అప్పటికి.

ముసలాయన కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకుని నా చాకు తీసుకున్నాడు. వెలుతురుకి పెట్టి సందుల్లోంచి చూశాడు. "కబాడ్ కిస్‌నే కహా మాజీ?" అన్నాడు. ఎవరమ్మా దీన్ని చెత్త అన్నది అని. అలుగుకీ పిడికీ మధ్య ఎక్కడా సందు లేదని, మూస్తే అలుగు సరిగ్గా నడిమధ్యలో పడుకుంటోందని, రివెట్లు ఈ రోజుకీ వదులు కాలేదని చూపించాడు. ఆ రోజుల్లో సిపాయీలకీ, కొండలెక్కేవాళ్ళకీ టోకున చేసిన రకమట. చవకగా అమ్మినా సరుకులో మోసం చేసేవాళ్ళు కారట. నేను గెలవబోయే వాదం చేతుల్లోంచి జారిపోతుంటే చిరాకేసింది. "మరి నిలబడదేం? ఊపితే వాలిపోతుందే?" అన్నాను.

ఆయన సన్నటి ఆకురాయి తీసి వెనక కమ్మీ చివర ఒక్కసారి రాశాడు. రాయి ఇట్టే దిగబడింది, పొడి రాలింది. మంచి కమ్మీ మీదైతే ఆకురాయి జారిపోవాలట. తర్వాత సందులో లోతుగా పేరుకున్న నల్లటి మాడు గీకి గోటి మీద పెట్టి చూపించాడు. "ఇసే ఆగ్ మేఁ డాలా హై కిసీనే. ఔర్ రాఖ్ మేఁ ఠండా కియా. బస్, జాన్ నికల్ గయీ." ఎవరో నిప్పుల్లో కాల్చి బూడిదలో చల్లార్చారు, దాంతో ఉక్కు ప్రాణం పోయింది. "ఇలాంటిది ఎవరి చేతిలో పెట్టినా మడుచుకుంటుంది మాజీ. నా చేతిలోనైనా అంతే. వేళ్ళు జాగ్రత్త" అని నా చేతివైపు చూసి, అప్పుడు వేలు కనబడి, ఠక్కున ఆపేశాడు.

నేను ఆ కొట్టు మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా చెయ్యి నాకు మంచి చెయ్యిలా కనిపించింది. నిహారిక "అత్తా, క్యా హువా?" అని భుజం పట్టుకుంటే, అంగీఠీ సంగతి అంతా దానికి అక్కడే చెప్పాను. ముసలాయన ఎవరినో పంపి టీ తెప్పించాడు.

వైశాలి చేరేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది. సూర్యం పేపర్లు పరిచిన సోఫా మీద కూర్చుని రంగులవాళ్ళతో పేచీ పడుతున్నాడు. వాళ్ళని బయటికి పంపి, ముసలాయన చెప్పింది చెప్పాను. చెబుతూ వాడి మొహం చూస్తున్నాను. వాడు ఆశ్చర్యపోలేదు. తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"నీకు తెలుసా?"

"అరె, ఛోడో నా అక్కా. ఎప్పటి సంగతో."

"సూర్యం. తెలుసా, తెలీదా?"

"తెలుసు" అన్నాడు నేలకేసి చూస్తూ.

నేను ఢిల్లీ వచ్చిన వారానికే నాన్న చాకు తీసుకుని ఒక కమ్మరి దగ్గరికి వెళ్ళాడట. సూర్యాన్ని సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. కమ్మరి కూడా ఇదే చెప్పాడు. నాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డాడట. వచ్చేటప్పుడు వాడికి నువ్వుల రేవడీలు కొనిపెట్టి, "బామ్మకి తెలిస్తే అన్నం మానేస్తుంది. ఎవ్వరికీ చెప్పకు నాన్నా" అన్నాడట. వీడు చెప్పనన్నాడు.

"సరే, చిన్నవాడివి. బామ్మ మూడేళ్ళకే పోయిందిగా? అప్పుడు?"

"నాన్న చెబుతారనుకున్నా."

"నాన్న పోయాక?"

"అప్పటికి నీ జీవితం అయిపోయింది కదా అక్కా... అంటే, సెటిలైపోయావ్ కదా. చెప్పి ఏం ఫాయిదా అనుకున్నా."

"ఫాయిదా లేదా? మరి నా వేలు చూపించి నీ కూతుర్ని బెదిరిస్తే ఫాయిదా ఉందా? అన్నీ తెలిసి, తెలిసే, పదేళ్ళ పిల్ల దగ్గర్నుంచి దాన్ని ఈ వేలుతో కొట్టావు కదరా!"

నిహారిక గుమ్మంలోనే నిలబడి ఉంది. "పాపా, ఆప్‌కో పతా థా?" అంది, నాన్నా నీకు ముందే తెలుసా అని. అంతే, అరవలేదు కూడా. వాడికి నా అరుపుల కన్నా అదే ఎక్కువ తగిలింది.

పేపర్ల దొంతర కిందనుంచి కాగితం లాగి, పెన్ను మూత తీసి వాడి చేతిలో పెట్టాను. "అక్కా, వాళ్ళమ్మ కూడా లేదు. దీనికేమైనా అయితే నేనేమైపోవాలి?" అన్నాడు. వాడి భార్య పోయి ఆరేళ్ళు. జాలి వేసింది, అబద్ధమెందుకు. అయినా పెన్ను వెనక్కి తీసుకోలేదు. సంతకం పెట్టాడు.

ఈ సంగతి విన్న ఒకావిడ, మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు, కళ్ళు చెమ్మగిల్లి "ఎంత గొప్ప తండ్రండీ, తల్లి కోసం నింద మోశారు" అన్నారు. ఆవిడని ఆ రోజు నుంచీ పలకరించడం మానేశాను. నింద మోసింది ఎవరు? పండగనాడు నాలుగు మాటలు పడి మజ్జిగన్నం తిని లేచాడాయన. చేతకానిదాన్నన్న మాట మోసింది నేను, కాలేజీ పోగొట్టుకుంది నేను. తప్పు నా చేతిది కాదని తెలిసిన మనిషి, ఆ చేతినే సాకు చేసుకుని నన్ను ఇంట్లో కూర్చోబెట్టాడు. బామ్మ మీద నాకు అంత కోపం లేదు, ఆవిడ తెలియక చేసింది. తెలిసి నోరు మూసుకున్నవాళ్ళని ఎలా క్షమించాలో నాకు ఎవరూ నేర్పలేదు. అప్పటి సరుకు గట్టిదే, ఒప్పుకుంటున్నాను. నిహారిక ఆరెంజ్ చాకు చెత్త, అదీ ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్ల ఆ చెత్త చాకు పట్టుకుని తన కాళ్ళ మీద తను కొండెక్కుతోంది. నాకు మేలైన ఉక్కు చేతిలో పెట్టి, దాన్ని మసి చేసి, నన్నే తప్పుపట్టారు. ఈ రెండింట్లో ఏది కావాలని ఎవరైనా నన్నడిగితే ఒక్క క్షణం ఆలోచించను. ఆ రోజులు ఆ రోజులే అని నిట్టూర్చేవాళ్ళు దయచేసి మా ఇంటికి రావద్దు.

నిహారిక వెళ్ళి పదహారు రోజులైంది. సూర్యం రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. నేను ఎత్తడం లేదు. నిన్న సాయంత్రం నిహారిక నుంచి ఫోన్ వచ్చింది, వాళ్ళు మంచులోకి వెళ్ళే ముందు సిగ్నల్ ఉన్న ఆఖరి చోటునుంచట. గాలి హోరులో దాని గొంతు సగమే వినబడింది. వంట వంతు తనదట, ఉల్లిపాయలు కోస్తూ అరచెయ్యి కోసుకుందట, అక్కడి డాక్టరు మూడు కుట్లు వేసి ఫరవాలేదన్నాడట. "చాకు ఏకదమ్ సహీ థా అత్తా, గల్తీ మేరీ థీ, తప్పు నాదే. ధ్యాన్ వేరేచోట ఉంది. రేపు పైకి వెళుతున్నాం. పాపాకి మాత్రం చెప్పకు, ప్లీజ్" అంది.

"చెప్పనులే" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట నా నోటికి. ప్రేమతోనే వచ్చింది, క్షణం కూడా పట్టలేదు. సైకిల్ కడ్డీ మీద కూర్చున్న ఆ ఎనిమిదేళ్ళవాడికీ ఇలాగే వచ్చి ఉంటుంది.

మళ్ళీ ఫోన్ తీసి సూర్యానికి చేశాను. ఒక్క మోతకే ఎత్తాడు. "అక్కా!" అన్నాడు.

"నీ కూతురు చెయ్యి కోసుకుంది. మూడు కుట్లు. తప్పు తనదేనని తనే చెప్పింది. రేపు పొద్దున్న ఇంకా పైకి వెళుతోంది. నువ్వు దాన్ని కిందికి రమ్మని ఒక్క మాట అన్నావంటే నేను ఈ జన్మలో నీ గుమ్మం తొక్కను" అన్నాను.

"ఏ చెయ్యి?" అన్నాడు.

"అడగలేదు" అన్నాను. నిజంగానే అడగలేదు.